తేదీల కూడిక, తీసివేత: పి.హెచ్.పి. పద్ధతిపై ఒక విమర్శ

జనవరి 31వ తేదీకి ఒక నెల కూడిన ఏ తేదీ వచ్చును? ఉన్నత పాఠశాల విద్యార్థి నడిగినచో ఫిబ్రవరి నెలాఖరు అనును. పి.హెచ్.పి. అను కంప్యూటరు భాష మాత్రము 2023వ సంవత్సరమునకు మార్చి 3 అని జవాబు చెప్పును. ఇది యంత్రపు పొరపాటు కాదు. భాషను రూపొందించినవారు ఏర్పరచిన నియమమునకు సరియైన ఫలితమే. కనుక విమర్శింపవలసినది లెక్కను కాదు, నియమమును.

పి.హెచ్.పి. స్క్రిప్టింగు భాషలలో నొకటి. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ దీనిని వెలువరించెను. కాలమును 1970 జనవరి 1 నుండి గడచిన సెకనుల సంఖ్యగా భావించు పద్ధతి ఇందులో చాలకాలము ప్రధానముగా నుండెను. అందుచేత రేపటి తేదీ కావలెనన్న 86,400 సెకనులు కూడుట పలువురికి అలవాటయ్యెను. భారతదేశములో ఋతువును బట్టి గడియారములను మార్చరు గనుక ఇందలి చిక్కు ఇచట కనబడదు. న్యూయార్కులో 2024 మార్చి 10న గడియారములను ఒక గంట ముందుకు జరిపిరి. ఆ దినమునకు 23 గంటలే. మార్చి 9 రాత్రి 8 గంటలకు 86,400 సెకనులు కూడినచో మరునాటి రాత్రి 9 గంటలగును. హైదరాబాదులో సరిగా నడచిన ప్రోగ్రాము అచట తప్పుటకు ఇది చాలును.

2009లో వెలువడిన 5.3వ రూపము మంచి దారి చూపెను. కాలవ్యవధిని సంవత్సరములు, నెలలు, దినములు, గంటలు అను వేర్వేరు భాగములుగా నుంచి, కూడుటకు 'యాడ్', తీసివేయుటకు 'సబ్' అను ఆదేశములను కల్పించిరి. 'ఒక దినము' వేరు, '24 గంటలు' వేరు అను వివేకము మెచ్చదగినది.

కాని నెల దగ్గర ఈ వివేకము నిలువలేదు. నెల సంఖ్యకు ఒకటి కూడగా 'ఫిబ్రవరి 31' వచ్చును. అట్టి తేదీ లేదు గనుక 28కి మించిన మూడు దినములను మార్చిలోనికి నెట్టుదురు. తీసివేత మరింత వింతగా నుండును. 2023 మార్చి 31 నుండి ఒక నెల తీసివేసిన మార్చి 3 వచ్చును. నెల వెనుకకు నడచియు మార్చి దాటలేదన్నమాట! ఒక వాయిదా తేదీకి నెల కూడి తరువాతి వాయిదాను నిర్ణయించు ప్రోగ్రాము జనవరి 31న మొదలైనచో ఫిబ్రవరి వాయిదాయే మాయమగును.

ఇతరులు ఏమి చేసిరి? మై.ఎస్.క్యు.ఎల్. అను దత్తాంశ వ్యవస్థ ఇదే ప్రశ్నకు ఫిబ్రవరి 28 అని చెప్పును. వ్యవహారమునకు ఇదే అనుకూలము. అయినను దానినుండి మరల నెల తీసివేసిన జనవరి 28 వచ్చును గాని 31 రాదు. పి.హెచ్.పి.లో మార్చి 3 నుండి నెల తీసివేసిన ఫిబ్రవరి 3 వచ్చును. ఒక సంఖ్యకు ఐదు కూడి ఐదు తీసివేసిన మొదటి సంఖ్యయే వచ్చును. నెలలకు ఈ ధర్మము ఎల్లవేళల చెల్లదు. ఏలన, నెల 28 నుండి 31 దినముల వరకు మారునట్టిది. నిలుకడగల కొలత కాదు. పైథాను భాషలో 2003 నుండి ఉన్న కాలవ్యవధి దినములను, సెకనులను, మైక్రోసెకనులను మాత్రమే దాచుకొనును, నెలను అంగీకరింపదు. ఇది నిజాయితీగల పద్ధతియే గాని, భారమంతయు వాడువానిపై పడును.

పి.హెచ్.పి.లో మరొక లోపము కలదు. తేదీకి కాలము కూడగానే మూలమైన తేదీయే మారిపోవును. 5కు 3 కూడిన 8 వచ్చును గాని 5 మారదు గదా! 2013లో 5.5వ రూపము మార్పు చెందని తేదీలను ప్రవేశపెట్టినది. పాతవి కూడ నిలిచియున్నందున ప్రమాదము పూర్తిగా తొలగలేదు.

'వచ్చు నెల చివరి దినము' అని నేరుగా అడుగు సౌకర్యము ఈ భాషలో నున్నది. అడుగుట తెలిసినవారికి చిక్కు లేదు. భాషను వివరించు గ్రంథములో నెలల విషయమై హెచ్చరికయు కలదు. కాని ప్రోగ్రాము నడచునపుడు ఏ హెచ్చరికయు రాదు. రెండర్థములుగల ప్రశ్నకు ధీమాగా ఒకే జవాబు చెప్పుటయే అసలు దోషము.

ఉపాధ్యాయులు జనవరి 29, 30, 31 తేదీలకు నెల కూడు లెక్కను 2023కు, లీపు సంవత్సరమైన 2024కు విద్యార్థులచేత చేతితో చేయించి, పిదప కంప్యూటరుపై సరిచూపించుట మంచిది. యంత్రము చెప్పినదెల్ల ప్రకృతి నియమము కాదనియు, అందు కొంత మనుష్యుల ఒప్పందమే యనియు వారికి తేటపడును.