ఊపిరాడే కుప్ప

రోహిణి కార్తె వెళ్లేలోపు దిబ్బ ఖాళీ కావాలన్నది పల్లెల్లో పాత లెక్క. తొలకరి పడి అరకలు కదలకముందే, ఏడాదంతా పోగేసిన పెంటను బండ్లకెత్తి చేలకు తోలేవారు. కొట్టం ఊడ్చిన పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిలో బూడిద, వాకిలి చెత్త, కూరగాయల తొక్కలు అన్నీ ఆ దిబ్బ మీదికే చేరేవి. ఉత్తరాంధ్ర రైతు గెత్తం అంటాడు, తెలంగాణ రైతు పెంట అంటాడు. సరుకు ఒకటే. కొట్టాల్లో పశువులు తగ్గేకొద్దీ చాలా ఊళ్లలో దిబ్బలూ తగ్గిపోయాయి. పల్లెలో తగ్గిన ఆ పని ఇప్పుడు పట్నంలో మొదలైంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు మిద్దెతోట పెంచి చూపించి, దాని గురించి రాశాక, డాబాల మీద చెత్తను ఎరువు చేసేందుకు చిల్లులు పెట్టిన డ్రమ్ములూ మట్టికుండలూ వెలిశాయి. మొదలుపెట్టినవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే మూత పెట్టి వదిలేస్తారు. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట: కంపు.

ఆ కంపుకు మందు పాత దిబ్బలో దొరకదు. కంపుకు కారణమైన లోపమే దానిలోనూ ఉంది. దిబ్బలో తిండి దండిగా ఉండేది, గాలి ఉండేది కాదు. పేడ మీద పేడ పడి అణిగిపోయేది. నత్రజనిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలిసేది, కొంత వాననీటితో వాగు పాలయ్యేది. తోలిన ఎరువును చేలో చిన్న చిన్న కుప్పలుగా పోసి, దున్నేదాకా ఎండలో వదిలేయడంతో మిగిలిందాన్లోనూ మరికొంత పోయేది.

ఈ లోపం మీద పట్టుబట్టి పనిచేసిన చోటు ఇండోర్. అక్కడ 1924లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీలో వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్, ఆయన సహచరుడు యశ్వంత్ వాడ్ పంట వ్యర్థాలను ఎరువుగా మార్చే ఒక క్రమాన్ని తయారుచేశారు. 1931లో దాన్ని పుస్తకంగా అచ్చువేశారు. అందులో రైతుకు తెలియని సామాను ఏదీ లేదు. పత్తికట్టె, చొప్ప, ఆకులు పశువుల కింద పరుపుగా వేయడం, మర్నాడు వాటిని తీసి పేడ, మూత్రంలో నానిన మట్టి, బూడిదతో కలిపి పొరలుగా పేర్చడం, తడి ఆరకుండా చూడడం, ఇంతే. కొత్త సంగతులు రెండు. ఒకటి, కుప్పను తొక్కి అణచకూడదు. రెండు, వారాల ఎడంతో కొన్నిసార్లు తిరగేయాలి. మూడు నెలల్లో ఎరువు సిద్ధమయ్యేది. 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య మరో దారి పట్టారు. పట్టణపు చెత్తనూ మలాన్నీ కందకాల్లో పొరలుగా నింపి, పైన మట్టితో మెత్తి, తిరగేయకుండా వదిలేయడం. కూలి ఖర్చు మిగిలింది. అయితే గాలి ఆడక, ఎరువు తయారుకావడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పట్టేది. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే గాలి విలువ ఎంతో తేలిపోతుంది.

గాలి ఎవరికి? కుప్పలో పనిచేసే జీవాలకు. వాటిని బయటినుంచి కొని తేనక్కర్లేదు. వంకాయ తొడిమ మీద, రాలిన ఆకు మీద, పిడికెడు తోటమట్టిలో అవి ముందే ఉంటాయి. కుప్ప పేర్చిన ఒకటి రెండు రోజులకు చక్కెరలను, పిండి పదార్థాలను తినే బాక్టీరియా విజృంభిస్తుంది. అది తింటున్నప్పుడు పుట్టే వేడి కుప్ప మధ్యలో చిక్కుకుని, 45 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఆ మొదటి జట్టు వెనక్కి తగ్గుతుంది. అప్పుడు వేడిని తట్టుకునే రకాలు రంగంలోకి దిగి 55, 60, ఒక్కోసారి 65 డిగ్రీల దాకా తీసుకుపోతాయి. గడ్డపారను కుప్ప నడిమికి గుచ్చి, కొన్ని నిమిషాలయ్యాక తీసి చేత్తో పట్టుకుంటే చురుక్కుమనాలి. 55 డిగ్రీలు వరసగా మూడు రోజులు నిలిస్తే రోగక్రిములు చాలావరకు చస్తాయి, కలుపు విత్తనాలు చాలావరకు మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటాయి. 70 దాటిందంటే మాత్రం పనిచేసే జీవాలకే ముప్పు. అప్పుడు తిరగేసి చల్లార్చాలి.

వేడి తగ్గాక బూజులు, యాక్టినోమైసీట్స్ అనే దారాల్లాంటి బాక్టీరియా వచ్చి కొయ్యలాంటి గట్టి పదార్థాన్ని తినడం మొదలుపెడతాయి. కుప్ప తవ్వినప్పుడు తెల్లటి బూడిద చల్లినట్టు కనిపించేది వీటి పనే. దాన్ని చూసి ఎరువు పాడైందనుకుని పారేసినవాళ్లూ ఉన్నారు. మాగిన ఎరువుకు తొలివాన నాటి మట్టివాసన రావడానికి కారణం ఈ యాక్టినోమైసీట్స్ విడుదల చేసే జియోస్మిన్ అనే పదార్థం. మట్టిలోని ఈ జీవుల మీదే ఏళ్ల తరబడి పనిచేసిన సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. అదే కుటుంబపు మరో జీవి నుంచి లెడర్లీ అనే మందుల సంస్థలో ఆరియోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ వెలువడినప్పుడు, ఆ సంస్థ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మనం పారేసే తొక్కల మీద కాపురముండేవి అంతటి వంశపు జీవాలు.

ఇక వాటి మేత సంగతి. సూక్ష్మజీవి తన ఒళ్లు కట్టుకోవడానికి ఒక వంతు నత్రజనికి ఎనిమిది వంతుల కర్బనం వాడుకుంటుంది. బతకడానికి కావలసిన శక్తి కోసం ఇంకో పదహారు వంతులు కాల్చేస్తుంది. అందుకే కుప్పలో నత్రజనికి పాతిక నుంచి ముప్పై రెట్లు కర్బనం ఉండాలంటారు. కూరగాయల తొక్కల్లో ఇది 15 నుంచి 20 రెట్లే. పేడలో 20కి అటూ ఇటూ. ఎండుటాకుల్లో 40 నుంచి 80 దాకా, వరిగడ్డిలో కూడా దాదాపు అంతే. రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. ఈ అంకెలు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఒక గిన్నెడు తడిచెత్తకు రెండు గిన్నెల ఎండుటాకులు అన్న కొలత చాలు.

పట్నపు కుప్పలు కంపుకొట్టడానికి అసలు కారణం ఇక్కడుంది. వంటింట్లో తడిచెత్తకు కొదవ లేదు, రోజూ పుడుతుంది. ఆకులే ఉండవు. తొక్కల బరువులో ఎక్కువ భాగం నీళ్లే. పొడి సరుకు లేకుండా వాటినే పోస్తూ పోతే ముద్దగా అణిగి, ఖాళీలన్నీ నీటితో నిండి, గాలి అవసరంలేని వేరే బాక్టీరియా రాజ్యమేలుతుంది. దాని వల్ల పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ముక్కు పుటాలను కోసే ఘాటైన వాసనైతే అది అమ్మోనియా, నత్రజని ఎక్కువై గాలిలోకి పోతోందన్నమాట. రెంటికీ చికిత్స దాదాపు ఒకటే: ఎండుటాకులు కలిపి తిరగేయడం. సువాసన పొడులూ అగరుబత్తులూ కాదు.

తడి చూడడానికి పరికరాలేవీ అక్కర్లేదు. కుప్ప లోపలినుంచి పిడికెడు తీసి గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే బాగున్నట్టు. ధార కడితే ఆకులు వేయాలి, పొడిపొడిగా విడిపోతే నీళ్లు చల్లాలి. బరువులో సగం నుంచి అరవై శాతం నీరు ఉన్నప్పుడు జీవాలు హాయిగా పనిచేస్తాయి, నలభైకి దిగితే నెమ్మదిస్తాయి. రాయలసీమ ఎండల్లో కుప్ప ఎండిపోయి నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. కోస్తా వానల్లో నానిపోయి సారం కారిపోతుంది. చెట్టు నీడన పెట్టి, పైన తడిపిన గోనెపట్టా కప్పితే ఎండకు కాపు. వానకాలంలో రేకో టార్పాలినో వేసి, పక్కలు తెరిచి ఉంచాలి.

పరిమాణం గురించి అమ్మకందారులు చెప్పని నిజం ఒకటుంది. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు ఉంటేనే వేడి లోపల నిలుస్తుంది. బాల్కనీలోని కుండ అంత వేడెక్కదు. ఎరువు అవుతుంది, కానీ నెమ్మదిగా, విత్తనాలు చావకుండా. ఆ ఎరువు వేసిన ప్రతి కుండీలో టమాటా, గుమ్మడి, బొప్పాయి మొలకలు వాటంతటవే లేస్తాయి. కొందరికి అది బోనస్. పెరడున్నవాళ్లు మాత్రం ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి నిలబెడితే చాలు, గాలీ ఆడుతుంది, కుప్పా చెదరదు. అడుగున కందికట్టె, కొమ్మల ముక్కలు పరిస్తే కిందినుంచీ గాలి ఎక్కుతుంది. అంత కుప్పను వారానికో పదిరోజులకో పారతో తిరగేసి, అంచుల్లో ఉన్నది నడిమికి, నడిమిది అంచులకు మార్చాలి. తిరగేసిన ఒకటి రెండు రోజుల్లో వేడి మళ్లీ పుంజుకుంటుంది. తిరగేసినా, తడి సరిచూసినా వేడి రాకపోతే తిండి అయిపోయినట్టే. ఇక మాగనివ్వాలి.

జీవాలను రేపడానికి బెల్లం నీళ్లు, పుల్లమజ్జిగ, రకరకాల ప్యాకెట్ పొడులు వాడతారు. బెల్లం తేలిగ్గా అరిగే చక్కెర, బాక్టీరియాను ఒకటి రెండు రోజులు హుషారెక్కిస్తుంది. అంతకుమించి ఆశించకూడదు. పిడికెడు పాత ఎరువు, దొరికితే నీళ్లలో కలిపిన కాస్త పేడ వేస్తే కావలసిన జట్లన్నీ వచ్చినట్టే. ఇండోర్‌లో హోవర్డ్ పనివాళ్లు చల్లింది కూడా పేడనీళ్లే. డబ్బు పెట్టి ఏదైనా కొనాలనుకుంటే పొడికన్నా మంచి పార కొనుక్కోవడం మేలు.

వేయకూడనివాటి జాబితా చిన్నదే. మాంసం, చేపలు, నూనె ఓడే కూరలు ఇంటి కుప్పకు వద్దు, ఎలుకలూ ఈగలూ వస్తాయి. ఆవకాయ కూడా వద్దు, దాన్ని పెట్టేదే సూక్ష్మజీవులు బతకకూడదని. ఉప్పు, నూనె, ఆవపిండి ఆ పని జాడీలో ఎంత బాగా చేస్తాయో కుప్పలోనూ అంతే బాగా చేస్తాయి. పూలదండలు వేసేముందు దారం తీయాలి. బాదం ఆకులు, మామిడి ఆకులు మందంగా ఉంటాయి కాబట్టి నలిపి వేయాలి. టీపొడి, కాఫీ పిప్పి, గుడ్డు పెంకుల పొడి, అరటిదూట ముక్కలు నిక్షేపంగా పనికొస్తాయి. పూతకు రాని వయ్యారిభామ కలుపును కూడా వేయవచ్చు, పూసిందాన్ని మాత్రం దరిచేరనివ్వకూడదు.

పురుగులు కనిపించగానే బెదిరిపోయేవాళ్లకు ఒక మాట. తొక్కల్లో లావుగా, పొడుగ్గా, బూడిదరంగులో లుకలుకలాడేవి సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. అవి చెత్తను వేగంగా తింటాయి. పెద్దయ్యాక ఆ ఈగ కుట్టదు, ఇంట్లో అన్నం మీద వాలదు. అవి బాగా పెరిగాయంటే తడి ఎక్కువైందని తెలుసుకుని ఆకులు వేస్తే సరి. వానపాములది వేరే సంగతి. 35 డిగ్రీలు దాటితే అవి బతకవు కనుక వేడి పూర్తిగా చల్లారాకే వదలాలి.

తయారైన ఎరువు మొదటి కుప్పలో సగమో మూడో వంతో మిగులుతుంది, తగ్గినదంతా ఎక్కువగా బొగ్గుపులుసు వాయువుగా, ఆవిరిగా పోయినదే. అది మాగిందో లేదో తేలాలంటే, కాస్త ఒక కవర్లో కట్టి కొన్ని రోజుల తర్వాత విప్పి వాసన చూడాలి. పులిసిన వాసన వస్తే ఇంకా ఆగాలి. గుప్పెడు మెంతులు అందులో చల్లి మొలకలు చూడడం మరో పరీక్ష. పచ్చి ఎరువును మొక్కకు వేస్తే, అరగని కర్బనాన్ని తినడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే లాగేసుకుని ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి.

మళ్లీ ఆకుల దగ్గరికే రావాలి, ఎందుకంటే నగరంలో ఈ పని మొత్తానికి కొరత అక్కడే. ఫిబ్రవరి, మార్చిలో వేప, రావి, కానుగ, బాదం ఆకులు వీధుల నిండా రాలతాయి. వాటిని ఊడ్చి మూలన తగలబెడుతుంటారు. బహిరంగంగా చెత్త తగలబెట్టకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పినా ఈ అలవాటు ఆగలేదు. వానకాలంలో కుప్పకు అక్కరకొచ్చేది ఆ ఆకులే, అప్పుడు వెతికితే పొడి ఆకు ఒక్కటీ దొరకదు. కాబట్టి ఈసారి ఆకురాలు కాలంలో వీధి ఊడ్చేవారితో మాట్లాడి నాలుగు గోనెసంచుల ఆకులు మెట్ల కింద దాచుకోండి. కుప్ప ఆ తర్వాత మొదలుపెట్టండి.