ఒక పెద్ద సంఖ్య, ఒక ప్రసిద్ధ కథ

గణితమును సామాన్య పాఠకులకు చేరువ చేసిన రచయితలలో ఇ. టి. బెల్ ఒకరు. 1951లో వెలువడిన ‘మేథమేటిక్స్: క్వీన్ అండ్ సర్వెంట్ ఆఫ్ సైన్స్’ అను ఆయన గ్రంథములో ఒక ఘట్టము కలదు. 1903 అక్టోబరులో న్యూయార్కునందు జరిగిన అమెరికన్ మేథమేటికల్ సొసైటీ సమావేశములో ఫ్రాంక్ నెల్సన్ కోల్ మారుమాటాడక నల్లబల్ల కడకు పోయి, 2⁶⁷ − 1 విలువను కట్టెను. పిమ్మట మరొక వైపున 19,37,07,721ని 7,61,83,82,57,287తో హెచ్చవేసెను. రెండు తావులందును 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చెను. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. ఈ కారణాంకములను కనుగొనుటకు మూడేండ్ల ఆదివారములు పట్టినవని కోల్ తరువాత బెల్‌తో చెప్పెనట.

కథ రమ్యముగా నున్నది. తరగతిలో చెప్పినచో విద్యార్థులు చెవియొగ్గి విందురు. కాని ఇందు గుణకారము కనబడునే గాని గణితము కనబడదు. కారణాంకములు దొరికిన పిమ్మట వానిని హెచ్చవేయుట ఓపికగల ఏ విద్యార్థికైనను సాధ్యమే. అవి ఎట్లు దొరికినవన్నదే అసలు ప్రశ్న.

మెర్సెన్ 1644లో ఈ సంఖ్యను ప్రధాన సంఖ్యగా పేర్కొనెను. ఆ మాటను త్రోసిపుచ్చినవాడు కోలే యని ఈ కథ విన్నవారు తలంచుట సహజము. అది సరికాదు. ఇది ప్రధాన సంఖ్య కాదని 1876లోనే ల్యూకా నిరూపించెను. అయితే ఒక్క కారణాంకమునైనను చూపలేదు. భాజకము తెలియకుండనే సంఖ్య విభాజ్యమని నిరూపింపవచ్చుననుట కరతాళధ్వనులకంటె గొప్ప విశేషము.

ఇక వెదకిన విధము. p బేసి ప్రధాన సంఖ్య యైనచో, 2ᵖ − 1 యొక్క ప్రతి ప్రధాన కారణాంకమును 2p గుణిజమునకు 1 కలిపిన రూపములో నుండును. దానిని 8చే భాగించిన 1 గాని 7 గాని శేషించును. ఉదాహరణకు 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఇందు 23 = 22 + 1; 89 = 4 × 22 + 1. అట్లే 19,37,07,721 = 134 × 14,45,580 + 1. బేసి సంఖ్యలన్నిటితో భాగించుచు పోయినచో ఇంతవరకు వచ్చుటకు సుమారు 9 కోట్ల 68 లక్షల భాగహారములు కావలెను. పై రెండు నియమములను పాటించినచో 7,22,790 చాలును. చేతి లెక్కకు ఇదియు అధికమే. కావున కోల్ వర్గశేషముల సాయమున వెదకవలసిన సంఖ్యలను ఇంకను తగ్గించెను. ఆ పద్ధతిని 1903లోనే సొసైటీ బులెటిన్‌లో వివరించెను. సభలో మౌనమే ప్రసిద్ధికెక్కినది. వ్యాసము మరుగున పడినది.

నేడు కంప్యూటరు ఈ పనిని సెకను లోపుననే చేయును. కథ విలువ ఆదివారముల లెక్కలోనే యున్నచో అది ఏనాడో తీరిపోయినది. నియమముల విలువ మాత్రము తరుగలేదు. ఉపాధ్యాయులు కథ చెప్పవలసినదే. చెప్పిన పిమ్మట 2²³ − 1 = 83,88,607 అని బల్లపై వ్రాసి, కారణాంకమును కనుగొనుడని విద్యార్థులనడుగవలెను. 46కు 1 కలిపి చూచినవాడు మొదటి భాగహారముతోనే దానిని పట్టుకొనును. గణితమన నేమో వానికి అప్పుడు తెలియును.