హారంలో ఎవరున్నారు?

దేశాలను అంకెలతో పోల్చడం నేర్చుకోవాలంటే ఈ ఏటి ఇయర్‌బుక్ కన్నా ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఇయర్‌బుక్కే మేలు. కొత్తదాంట్లో ప్రతి దేశమూ వైశాల్యం, జనాభా, తలసరి ఆదాయం, అక్షరాస్యత అన్న గడుల్లో కుదురుగా కూర్చుని ఉంటుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తప్ప చూడటానికి ఇంకేమీ లేదనిపిస్తుంది. పదేళ్లకొకటి చొప్పున పాతవి నాలుగు పక్కపక్కన పరిస్తే మాత్రం, అంకెల కంటే ముందు సరిహద్దులు కదిలాయని తెలుస్తుంది. సోవియట్ యూనియన్, యుగోస్లావియా, చెకొస్లొవేకియా పేర్లున్న వరసల్లోని లెక్కలకు ఇవాళ వారసులు చాలామంది, యజమాని ఎవరూ లేరు. పోలిక చెడేది కూడికలో కాదు, ఆ సరిహద్దు గీత దగ్గరే అని నా వాదన.

దీనికి మాస్కో దాకా పోనక్కర్లేదు. నిజాం నాటి హైదరాబాద్ రాష్ట్రం 82,698 చదరపు మైళ్లు. ఇంగ్లండ్, స్కాట్లండ్ కలిపినదానికంటే కాస్త పెద్దది. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, ఆ నేల మీద 1941 జనగణన లెక్కించిన కోటీ 63 లక్షల మంది ఎలా బతికారో ఈ పోలిక ఒక్క ముక్కా చెప్పదు. పైగా 1956లో ఆ రాష్ట్రం మూడుగా విడిపోయి తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు తలో దారి పట్టాయి. అప్పటి 'హైదరాబాద్'ను ఇప్పటి దేనితో పోల్చాలి? ఇంకా దగ్గరి ఉదాహరణ రంగారెడ్డి. 2011 జనగణనలో 52.97 లక్షల జనంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే పెద్ద జిల్లా అది. 2016లో జిల్లాలను విడగొట్టాక, అదే జనగణన ప్రకారం, అదే పేరున్న జిల్లా జనాభా 24.46 లక్షలు. ఒక్క గడపా కదల్లేదు, గీత కదిలింది.

ఆ రంగారెడ్డే ఇప్పుడు తలసరి ఆదాయంలో తెలంగాణకు మొదటి జిల్లా. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసులు ఆ గీతకు లోపల ఉన్నాయి. తలసరి లెక్కలో, జిల్లాలో జరిగిన ఉత్పత్తి అంతా లవంలోకి వెళుతుంది; హారంలో మాత్రం అక్కడ నివసించేవాళ్లే ఉంటారు. పొద్దున నాంపల్లిలో బయల్దేరి గచ్చిబౌలిలో పనిచేసి సాయంత్రం ఇల్లు చేరే మనిషి శ్రమ ఒక జిల్లా లవంలో పడుతుంది, తను వేరే జిల్లా హారంలో ఉంటాడు. దేశాల్లోనూ ఇదే తంతు. లక్సెంబర్గ్ ఉద్యోగుల్లో దాదాపు సగం మంది రోజూ ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి వచ్చి పోయేవాళ్లే. ఆ దేశపు తలసరి అంత ఎత్తున ఉండటానికి వాళ్లు హారంలో లేకపోవడం ఒక కారణం. తన ఆర్థిక వ్యవస్థ 2015లో 26 శాతం పెరిగిందని ఐర్లండ్ ప్రకటించింది. బహుళజాతి కంపెనీలు మేధో ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చుకున్న ఫలితం అది. నవ్వులపాలయ్యాక, ఆ ఉబ్బు తీసేసిన వేరే కొలతను ఐర్లండే తయారు చేసుకుంది. మన జిల్లాలకు అలాంటి పట్టింపేమీ ఉన్నట్టు కనపడదు.

అయితే సగటులన్నీ బూటకమే, పోలికే దండగ అనేవాళ్లున్నారు. ఆ మాట ఒప్పుకోను. 1,12,077 చదరపు కిలోమీటర్ల తెలంగాణ, సుమారు 1,11,000 చదరపు కిలోమీటర్ల బల్గేరియా విస్తీర్ణంలో కవలలు. ఇక్కడ 2011లో మూడున్నర కోట్ల మంది, అక్కడ 2021లో 65 లక్షలు. ఎవరు గొప్ప అని అడిగితే జవాబు లేదు. కానీ 1980లలో 90 లక్షలకు దగ్గరగా ఉన్న బల్గేరియా జనాభా ఇంతగా తగ్గిందని గుర్తుపెట్టుకుంటే, అక్కడి తలసరి పెరుగుదలలో కొంత భాగం మనుషులు తగ్గినందువల్లే అని అర్థమవుతుంది. ఇంకొకటి: దేశ సగటు కంటే తలసరి ఆదాయం ఎక్కువున్న తెలంగాణలో 2011 అక్షరాస్యత 66.5 శాతం, దేశ సగటు 73. హైదరాబాద్ జిల్లా 83 శాతం దాటింది. ఆదాయం పట్టిక దాచిన సంగతిని అక్షరాస్యత పట్టిక బయటపెట్టింది. పోలిక విలువ ఇలాంటి చోట ఉంది, ర్యాంకులో కాదు. (అన్నట్టు, 1991 నుంచి జనగణన అక్షరాస్యతను ఏడేళ్లు నిండినవాళ్లలోనే లెక్కిస్తోంది, అంతకుముందు ఐదేళ్ల నుంచి. పాత శాతాల పక్కన కొత్తవి పెట్టేముందు ఇది చూసుకోవాలి.)

ఇంత గొడవెందుకు, పట్టిక ఎలాగూ దగ్గరి దారే కదా అనీ అంటారు. దగ్గరి దారిలో పోతే ముందు లెక్కించాల్సింది లెక్కించకుండానే పోల్చేస్తాం. ఈ సంగతి హైదరాబాద్‌లో ఒకప్పుడు తెలుసు. ఆర్థికవేత్త ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో హైదరాబాద్ రాష్ట్రపు గ్రామాల్లో ఆర్థిక పరిశోధనలు చేసి సంపుటాలుగా వెలువరించారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ ప్రదర్శన మొదలుపెట్టింది రాష్ట్ర ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టడానికి. 1946లో అది ఇప్పటి నాంపల్లి మైదానానికి మారింది. ఇవాళ అక్కడ కబాబులు, గాజులు, పిల్లల రైలు కోసం జనం బారులు తీరతారు. సర్వే మాట ఎవరికీ గుర్తులేదు. 2011 తర్వాత దేశంలో జనగణన జరగలేదు. తర్వాతి దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అంటే ఇన్నేళ్లుగా మన తలసరి అంకెలన్నిటి హారంలో ఉన్నది అంచనా జనమే. కొత్త జనగణన లెక్కలు వచ్చేదాకా జిల్లాల పట్టికల్లో దశాంశ బిందువు తర్వాతి అంకెలను నేను చదవను.