సౌష్ఠవము: సాధనమా, ప్రమాణమా?

ప్రకృతి నియమములలో అవిచ్ఛిన్నమైన సౌష్ఠవమున్నచో, దానికి జోడుగా మార్పులేని రాశి యొకటి ఉండునని ఎమ్మీ నోయెథర్ 1918లో ప్రకటించెను. నియమము నేడును రేపును ఒక్కటే యైనచో శక్తి నిత్యమగును. ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతములో శక్తి నిత్యత్వమును గూర్చి హిల్బర్ట్, క్లైన్‌లకు కలిగిన సందేహమే ఆమె పరిశోధనకు ప్రేరణ.

విశ్వవ్యాకోచము నానాటికి వేగము పుంజుకొనుచున్నదని 1998లో సూపర్‌నోవాల వలన తెలిసిన పిమ్మట, ఐన్‌స్టీన్ సిద్ధాంతమును సవరింప పలువురు పూనుకొనిరి. ఆ సిద్ధాంతమునకు మూలమైన సూత్రములో వక్రత మొదటి ఘాతముగా ఉండును. దాని స్థానమున వక్రత యొక్క వేరొక ప్రమేయమును ఉంచవచ్చును. కాని ప్రమేయములు అనంతము. అందులో దేనిని గ్రహింపవలెను? నోయెథర్ సౌష్ఠవమున్న దానినే గ్రహింపవలెనని కొందరి సమాధానము.

పాలియతనాసిస్, త్సంపార్లిస్, బసిలాకోస్ 2011లో ఆరు సిద్ధాంతములను ఈ గీటురాతిపై పరీక్షించిరి. శక్తి నిత్యత్వము ఆరింటికిని కలదు. అదనపు సౌష్ఠవము ఒక్కదానికే దొరకెను. దాని సమీకరణములకు వారు కచ్చితమైన సాధనను కూడ ఇచ్చిరి. ఇది మెచ్చదగిన పని. కంప్యూటరు గణనలను సరిచూచుకొనుటకు ఇట్టి సాధనలు ఒరవడి వంటివి.

అయితే ఈ గీటురాయి తేల్చునది దేనిని? అదనపు నిత్యరాశి ఉన్న సమీకరణము మనకు సులభముగా లొంగును. అంతమాత్రమున ప్రకృతి దానినే వరించెననుట సరికాదు. సూర్యుడు, భూమి, చంద్రుడు వంటి మూడు వస్తువుల గమన సమస్యకు, తెలిసిన నిత్యరాశులు తప్ప బీజగణిత రూపమున వేరేవి లేవని బ్రూన్స్ 1887లో చూపెను. అందువలన న్యూటన్ నియమము తప్పు కాలేదు. చంద్రుడు దారి తప్పలేదు.

మరియొక చిక్కు కలదు. ఈ సౌష్ఠవము, విశ్వమంతట పదార్థము ఏకరీతిగా పరచుకొన్నదను భావనతో కుదించిన సమీకరణములకు చెందినది. ఒక నక్షత్రము చెంత ఆ భావన చెల్లదు. ఈ మార్గమున పలుమార్లు లభించిన సూత్రములలో వక్రత యొక్క ఒకటిన్నర ఘాతము ఒకటి. బుధగ్రహ కక్ష్యను బట్టి క్లిఫ్టన్, బారో 2005లో లెక్కించగా, ఘాతము ఒకటి నుండి తొలగుటకు వీలైన మేర, దశాంశ బిందువు తరువాత 18 సున్నలు పెట్టవలసినంత స్వల్పమని తేలెను. ఆ స్వల్పమెక్కడ, ఈ అర ఎక్కడ?

కావున సౌష్ఠవ పద్ధతి గణిత సాధనముగా శ్లాఘ్యము. సత్యనిర్ణయమునకు ప్రమాణము కాదు. సమీకరణము సాధింపబడిన వెంటనే దానిని సౌరకుటుంబమునకు కూడ అన్వయించి చూపు వ్యాసములు పెరిగినచో ఈ శాఖకు మేలు కలుగును.