ఖాళీ నేల కాదు

విశాలమైన చోటు కనబడగానే చాలామంది ఫొటోగ్రాఫర్లు వైడ్ యాంగిల్ లెన్స్ బిగిస్తారు. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్‌లో నేను అందుకు భిన్నంగా టెలీఫొటో వాడతాను. వైడ్ లెన్స్‌లో కాళ్ల ముందున్న రాళ్లు ఫ్రేమంతా ఆక్రమిస్తాయి, దూరపు పర్వతాలేమో గుట్టల్లా కుంచించుకుపోతాయి.

అక్కడ అసలు చిక్కు గాలితోనే. ఆ పీఠభూమి చాలాచోట్ల 4,000 మీటర్లకు పైనే ఉంటుంది. గాలి పల్చన, తేమ తక్కువ. మన వైపు దూరపు కొండ మసగ్గా, నీలంగా కనిపిస్తుంది. ఎంత దూరమో కంటికి చెప్పేది ఆ మసకే. అక్కడ అది పెద్దగా ఉండదు. పోల్చుకోవడానికి చెట్టయినా ఉండదు. ఒక పూట నడకలో ఉన్న కొండ పక్కనే ఉన్నట్టు తోస్తుంది.

అందుకే ఫ్రేమ్ కుదిరాక కూడా ఆగుతాను. కియాంగ్ అనే అడవి గాడిదల గుంపో, మేకల వెనక నడిచే మనిషో అందులోకి రావాలి. చుక్కంత ప్రాణి చేరగానే కొండ అసలు ఎత్తు తెలిసొస్తుంది.

ఆ నడిచే మనిషి చాంగ్‌పా తెగ పశుపోషకుడు. జడలబర్రె వెంట్రుకలతో నేసిన రెబో గుడారంతో పచ్చిక వెంట మకాం మారుస్తుంటాడు. గడ్డకట్టించే చలికి అతని మేకల ఒంటిపై మెత్తటి లోవెంట్రుక పెరుగుతుంది. ఎండలు మొదలయ్యాక దువ్వి తీసే ఆ వెంట్రుకే పష్మీనా. అలాంటి చోట మనుషులు తక్కువే. 2011 జనాభా లెక్కల ప్రకారం లద్దాఖ్‌లో చదరపు కిలోమీటరుకు నలుగురైదుగురే. మన తెలుగు నేలలో 300 మందికి పైగా. గడ్డి పలచగా మొలిచే చోట కొద్దిమంది బతకాలన్నా అంత నేల కావాలి. నిర్జనంగా కనిపించే లోయ చలికాలానికని మేపకుండా దాచుకున్న పచ్చిక కావచ్చు.

కాబట్టి ఫ్రేమ్‌లోంచి గుడారాన్ని, మందను చెరిపేసి 'మనిషి జాడ లేని నేల' అని పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. అది ఆ పశుపోషకుల శ్రమను చెరిపేయడమే. చాంగ్‌థాంగ్‌లోని ఖర్నక్ నుంచి ఎన్నో కుటుంబాలు మందలు వదిలి లేహ్ పక్కన స్థిరపడ్డాయి. పిల్లల చదువు, వైద్యం కావాలంటే ఆ దూరాలు వాళ్లకు భారమే. మనం మెచ్చుకునే ఏకాంతానికి ఖరీదు చెల్లిస్తున్నది వాళ్లు.

కెమెరా పట్టే కుర్రవాళ్లకు నేను చెప్పేదొకటే. ముందు గుడారం దగ్గరికి వెళ్లి అనుమతి అడగండి. ఆ పచ్చిక పేరేమిటో, ఏ కాలంలో మేపుతారో తెలుసుకుని ఫొటో కింద రాయండి. ఎంత విశాలమైన నేలైనా ఒకరి బతుకుతెరువని చూసేవాళ్లకు తెలియాలి.