టర్కీ తోక చివరి అంగుళం

కాన్సస్ రాష్ట్రం నడిమధ్యలో ఏప్రిల్ పొద్దున ఎవరైనా అడవి టర్కీ పుంజును కొట్టారంటే, దాన్ని ఇంటికి చేర్చేలోపే వాదన మొదలవుతుంది. ఇది ఈస్టర్నా, రియో గ్రాండేనా? తూర్పు నుంచి వచ్చినవాడు ఒకటంటాడు, పడమటివాడు ఇంకోటంటాడు. చివరికి ట్రక్కు వెనక తలుపు దించి, పక్షిని బోర్లా పడుకోబెట్టి, తోకను విసనకర్రలా విప్పి, ఈకల కొసల్ని వేళ్లతో సర్దుతూ చూస్తారు.

ఈ పట్టింపుకి కారణముంది. అమెరికా టర్కీ వేటగాళ్లు ‘గ్రాండ్ స్లామ్’ అనే లెక్క ఒకటి పెట్టుకున్నారు. ఈస్టర్న్, ఓసియోలా, రియో గ్రాండే, మెరియమ్స్ అనే నాలుగు ఉపజాతుల్లో ఒక్కో పుంజునైనా కొట్టినవాడికి ఆ గౌరవం. గూల్డ్స్ కూడా చేరితే రాయల్ స్లామ్. యుకటాన్‌ అడవుల్లోని ఆసిలేటెడ్ టర్కీని కూడా కలిపితే వరల్డ్ స్లామ్, అయితే అది వేరే జాతే. 1973లో మొదలైన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ వీటిని నమోదు చేస్తుంది. అంటే ఒక పక్షిని ఏ పేరుతో పిలుస్తామన్న దాని మీద ఒక మనిషి ఏళ్ల తరబడి పడ్డ తిప్పలు ఆధారపడి ఉంటాయి.

అడవి టర్కీ అంతా ఒకే జాతి, మెలియాగ్రిస్ గాలోపావో. అందులో ఉపజాతులు ఆరు. మిసిసిపీకి తూర్పున ఉన్న ఆకురాల్చే అడవులన్నీ, ఆ నదికి పడమట కొంత మేరా ఈస్టర్న్‌వి. ఫ్లోరిడా ద్వీపకల్పం ఓసియోలాది; 1890లో డబ్ల్యూ.ఇ.డి. స్కాట్ సెమినోల్ యోధుడు ఓసియోలా పేరు దానికి పెట్టాడు. టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ మైదానాల్లోని వాగుల వెంట ఉండేది రియో గ్రాండే. అరిజోనా, న్యూమెక్సికో, కొలరాడో కొండల్లోని పాండెరోసా పైన్ అడవులు మెరియమ్స్ పుట్టిల్లు. గూల్డ్స్ మెక్సికోలోని పడమటి సియెర్రా మాద్రే కొండలది, సరిహద్దు దాటి అరిజోనా, న్యూమెక్సికోల అంచుల్లో కాస్త కనిపిస్తుంది. ఆరోది దక్షిణ మెక్సికోది. దాని కథ చివర్లో చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో పెంచే టర్కీ కోళ్లన్నీ దాని సంతతే.

అసలు చూపంతా తోక మీదే. టర్కీకి తోకలో పెద్ద ఈకలు పద్దెనిమిది ఉంటాయి. ప్రతి ఈకకీ చివర ఒక నల్లటి పట్టీ, దాన్ని దాటాక కొస దగ్గర లేత రంగు అంచు. ఆ అంచే గుర్తు. ఈస్టర్న్‌లో, ఓసియోలాలో అది ముదురు గోధుమ, ఇటుక పొడి కలిపినట్టు. రియో గ్రాండేలో ఎండిన గడ్డి రంగు. మెరియమ్స్‌లో దాదాపు తెలుపు, దగ్గరగా చూస్తే మీగడ ఛాయ. గూల్డ్స్‌లో శుభ్రమైన తెలుపు, అంచు కూడా వెడల్పు. అయితే తోక ఈకలు ఒక్కటే చూసి తేల్చేయడం కొత్తవాళ్ల అలవాటు. చెయ్యి తిరిగినవాళ్లు తోక మొదట్లో, నడుము మీద కప్పినట్టుండే పొట్టి ఈకల కొసలు ముందు చూస్తారు. తోక చివర నేలకీ పొదలకీ రాసుకుని అరిగిపోతుంది. నడుము ఈకలకి ఆ రాపిడి తక్కువ, కాబట్టి అసలు రంగు అక్కడే ఎక్కువగా మిగులుతుంది.

అరుగుదల సంగతి కొంచెం నిలిచి చెప్పుకోవాలి. టర్కీ ఏటా వేసవిలో ఈకలు మారుస్తుంది. వసంతంలో వేటాడే పుంజు ఒంటి మీదున్నవి అప్పటికే ఎనిమిది నెలల పాతవి. ఎండకి వెలిసి, వానకి నాని, కొస అరిగిన గోధుమ రంగు అంచు కొన్నిసార్లు రియో గ్రాండే గడ్డి రంగులా కనిపిస్తుంది. దానికి తోడు ఫోటోల గొడవ ఒకటి. సాయంత్రపు ఎండలో తీసిన ఫోటోలో మెరియమ్స్ తెలుపుకి కూడా బంగారు రంగు పులుముకుంటుంది. ఫ్లాష్ వేస్తే ఈస్టర్న్ కూడా వెలవెలబోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నీడలో, తెల్ల గుడ్డ మీద తోకను పరిచి చూడమంటారు. పక్కన ఏ ఉపజాతిదో నిక్కచ్చిగా తెలిసిన ఈక ఒకటి పెట్టుకుంటే ఇంకా మేలు. ఒంటి మీద రాగి, ఆకుపచ్చ, ఊదా మెరుపుల్ని చూసి నిర్ణయిస్తామనేవాళ్లూ ఉన్నారు గానీ, నాకు వాటి మీద అంత నమ్మకం లేదు. ఆ మెరుపు రంగుపదార్థం ఒక్కదానిది కాదు, ఈక లోపలి సన్నని పొరలు వెలుతురును విరగ్గొట్టే తీరుది. పక్షిని నాలుగు వేళ్లంత పక్కకి తిప్పితే రంగు మారిపోతుంది. తోక అంచులోని గోధుమ రంగు అలా మారదు, అది ఈకలో ఉన్న రంగే.

ఫ్లోరిడాలో మాత్రం తోకతో పని జరగదు. ఓసియోలాకీ ఈస్టర్న్‌కీ తోక అంచులు ఇంచుమించు ఒకటే. అక్కడ రెక్క విప్పాలి. ఎగరడానికి వాడే పెద్ద ఈకల మీద నలుపు తెలుపు చారలుంటాయి. ఈస్టర్న్‌లో తెల్ల చారలు వెడల్పుగా, నలుపుతో సమానంగా, ఈక నడిమి ఈనె దాకా చేరతాయి. ఓసియోలాలో నలుపుదే పైచేయి: తెల్ల చారలు సన్నగా, తెగిపోతూ, వంకరగా ఉండి ఈనెను అందుకోవు. రెక్క ముడిస్తే ఈస్టర్న్ వీపు మీద త్రికోణంలా తెల్లని మచ్చ కనిపిస్తుంది, ఓసియోలాకి ఆ చోటు నల్లగానే ఉండిపోతుంది. మిగతా గుర్తులు, అంటే ఓసియోలా కాలి ముల్లు పొడుగు అనీ, మెరియమ్స్ కూత నీరసం అనీ, ఈస్టర్న్ గడ్డం పెద్దదనీ చెప్పేవి, సాధారణంగా నిజమే. ఒక్క పక్షిని తేల్చడానికి మాత్రం చాలవు. రాతి నేల మీద తిరిగే ఏ పుంజు ముల్లయినా అరుగుతుంది. బరువు తిండిని బట్టి. ఇక విసనకర్ర మధ్యలో ఈకలు మాత్రమే పొడుగ్గా ఉంటే అది ఉపజాతి గుర్తు కాదు. ఏడాది నిండిన పిల్ల పుంజు, జేక్ అని అర్థం.

సంక్రాంతి బరి దగ్గర కోడిని చూసిన క్షణంలో డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని పేరు పెట్టే గోదావరి జిల్లాలవాళ్లకి ఈ కళ్లు కొత్త కాదు. తేడా ఒకటుంది. ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో ఒకటి డేగ, ఒకటి కాకి కావచ్చు. అవి రంగులకి పెట్టిన పేర్లు. టర్కీ తోక అంచు మాత్రం ఊరు చెబుతుంది. తడి నేలల్లో పక్షులు ముదురు రంగు తేలతాయనీ, పొడి నేలల్లో లేత రంగు తేలతాయనీ 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్లోగర్ గమనించాడు. టర్కీలో అది తు.చ. తప్పకుండా కనిపిస్తుంది. ఫ్లోరిడా చిత్తడిలో అన్నిటికంటే నలుపు, తూర్పు అడవుల్లో గోధుమ, టెక్సస్ మెట్టల్లో గడ్డి రంగు, నైరుతి ఎండు కొండల్లో తెలుపు. పటం మీద తూర్పు నుంచి నైరుతికి నడిస్తే తోక మెల్లగా తెల్లబడుతూ పోతుంది.

మెల్లగా అన్నమాట గుర్తుంచుకోండి. రెండు ఉపజాతుల మధ్య ప్రకృతి గోడ కట్టలేదు. కాన్సస్‌లో ఈస్టర్న్, రియో గ్రాండే కలిసే మేరలో పుట్టేవి రెండిటి పోలికలూ ఉన్న పక్షులు. వాటి తోక అంచు గోధుమకీ గడ్డికీ నడుమ ఎక్కడో ఆగుతుంది. పైగా మనిషి వచ్చి పటాన్నే కలిపేశాడు. విచ్చలవిడి వేట, అడవుల నరికివేత వల్ల 20వ శతాబ్దం మొదటికి ఒకప్పుడు లక్షల్లో తిరిగిన ఈ పక్షి చాలా రాష్ట్రాల్లో కనుమరుగైంది. కోళ్ల ఫారాల్లో పెంచిన టర్కీల్ని అడవిలో వదిలారు. గుంటనక్క ఎదురైతే పారిపోవాలని కూడా వాటికి తెలియదు, నిలవలేదు. దారి దొరికింది 1951లో, దక్షిణ కరొలైనాలోని ఫ్రాన్సిస్ మారియన్ నేషనల్ ఫారెస్ట్‌లో. బాతుల్ని పట్టే కానన్ వలను, అంటే మందుగుండుతో పేలి గింజలు తింటున్న గుంపు మీద పడే వలను, అడవి టర్కీల మీద వాడి సఫలమయ్యారు. అక్కణ్ణుంచి అడవి పక్షుల్నే పట్టి, పెట్టెల్లో వేసి, ఖాళీ అడవుల్లో వదలడం మొదలైంది. తుపాకులు, తూటాల మీది పన్ను డబ్బును 1937 చట్టం వన్యప్రాణుల కోసం కేటాయించింది, ఆ డబ్బే ఈ పనికి ఆసరా. ఇవాళ లక్షల్లో టర్కీలున్నాయంటే అదే కారణం.

అయితే వదిలినవాళ్లు పాత సరిహద్దులు చూడలేదు. మెరియమ్స్‌ని అవి ఎన్నడూ లేని దక్షిణ డకోటా బ్లాక్ హిల్స్‌కి తెచ్చారు, అక్కడ అవి గొప్పగా పెరిగాయి. రియో గ్రాండేలు కాలిఫోర్నియాకీ ఆరెగన్‌కీ, హవాయి దీవులకీ వెళ్లాయి. వాషింగ్టన్ ఒక్క రాష్ట్రంలోనే తలో మూల ఒక్కో ఉపజాతి. నెబ్రాస్కాలో రెండు మూడు వంశాల నెత్తురు కలిసింది, అక్కడ తెల్లటి తోక చూసి మెరియమ్స్ అనేయడం పొరపాటే కావచ్చు.

ఇక్కడే నాకు ఫెడరేషన్ చేసిన పని తెలివైందనిపిస్తుంది. ఓసియోలా విషయంలో రెక్క చారల గురించి వాదించుకోవడం మాని పటం మీద గీత గీశారు. ఉత్తరాన డిక్సీ, గిల్‌క్రిస్ట్, అలాచువా, యూనియన్, బ్రాడ్‌ఫర్డ్, క్లే, డ్యూవల్ కౌంటీలూ, వాటికి దక్షిణాన ఉన్నవన్నీ ఓసియోలా నేల. ఆ పైన కొట్టింది ఎంత నల్లగా ఉన్నా ఓసియోలాగా లెక్కకి రాదు. జీవశాస్త్రం దృష్టిలో ఇది కాస్త మొరటు గీతే. డ్యూవల్ అంచు దాటగానే పక్షి నెత్తురు మారిపోదు. కానీ వేటగాడి కన్ను ఆశ వైపు జారే చోట, అతని మాట కంటే కౌంటీ పేరే నమ్మదగ్గది. ఈక చూడటం రాకపోయినా ఫరవాలేదని నేననను. ఆ ఈక ఎక్కడ దొరికిందో రాసిపెట్టకపోతే మాత్రం ఎంత చూసినా సగమే తెలుస్తుంది.

ఆరో ఉపజాతి విషయం. దక్షిణ మెక్సికోలో టర్కీని మచ్చిక చేసి పెంచినవాళ్ల దగ్గర్నుంచి స్పానిష్‌వాళ్లు 16వ శతాబ్దం మొదట్లో యూరప్‌కి పట్టుకెళ్లారు. 1758లో లినేయస్ శాస్త్రీయ నామం పెట్టింది ఆ పెంపుడు పక్షిని చూసే. పోర్చుగీసువాళ్ల చేతుల మీదుగా అది గోవాకి వచ్చింది. 1612లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ కొలువులోని ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జంతువుల్లో ఒక టర్కీ పుంజు ఉంది. తల రంగులు మారుస్తుండటం చూసి జహంగీర్ ముచ్చటపడి తన స్వీయచరిత్రలో రాశాడు, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఈ పెంపుడు వంశానికి తోక అంచు తెలుపు. కాబట్టి ఈస్టర్న్ అడవుల్లో ఉన్నట్టుండి తెల్ల అంచు పుంజు కనిపిస్తే, వెయ్యి మైళ్ల అవతలి మెరియమ్స్ కంటే పక్క ఊరి పెరట్లోంచి పారిపోయిన కోడినే ముందు అనుమానించాలి. అమెరికా నైరుతిలో ప్యూబ్లో ప్రజల పూర్వీకులు పెంచిన టర్కీలు కూడా ఈ వంశానివేనని చాలాకాలం అనుకున్నారు. 2010లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన వాళ్లు వేరేగా, వేరే వంశాన్ని మచ్చిక చేశారని చూపింది. అక్కడ ఎముకలు చెప్పాల్సి వచ్చింది, ఈకలతో కాలేదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి తుపాకీ లేకుండానే ఈ చూపు అబ్బుతుంది. 1977లో న్యూజెర్సీలో ఇరవై రెండు పక్షులతో ఈస్టర్న్ టర్కీల్ని మళ్లీ వదిలారు. ఇవాళ ఆ రాష్ట్రపు శివార్లలో పెరట్లోకి నడిచి వచ్చేవి ఆ సంతతే. ఆస్టిన్‌కి పడమట కొండల్లో కనిపించేవి రియో గ్రాండేలు. వేసవి చివర ఈకలు రాలుతున్నప్పుడు వాకిట్లో తోక ఈక ఒకటి దొరకొచ్చు. డేగ ఈకో, గుడ్లగూబ ఈకో దగ్గర ఉంచుకుంటే వలస పక్షుల చట్టం ఒప్పుకోదు. టర్కీ ఆ చట్టం కిందికి రాదు, రాష్ట్రపు నియమాలు చూసుకుంటే చాలు. దాన్ని కిటికీ దగ్గర ఉత్తరపు వెలుతురులో పెట్టి నల్ల పట్టీ దాటిన అంచును చూడండి. న్యూజెర్సీలో ఇటుక రంగు, టెక్సస్‌లో గడ్డి రంగు ఉండాలి. అలా లేకపోతే ముందు చుట్టుపక్కల ఎవరైనా టర్కీ కోళ్లు పెంచుతున్నారేమో కనుక్కోండి.