మజూరీ గడి

బంగారం కొట్లో రేటు మీద ఎవరూ బేరమాడరు. బోర్డు మీద ఎంతుంటే అంత. బేరమంతా తరుగు, మజూరీల దగ్గరే. మొన్న మా ఆవిడతో గాజులకు వెళ్లి పుప్పాలగూడ తిరిగొస్తూ, నార్సింగి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అనిపించింది: ఎంత గీచి గీచి ఇచ్చినా, కంసాలికి బిల్లులో ఒక గడంటూ ఉంది. నాకు అదీ లేదు.

నా ఉద్యోగం ఒక పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ క్లస్టర్ చూసుకోవడం. మా రేట్ల పట్టికలో కొలమానం కోర్ అవర్. ప్రాసెసర్‌లోని ఒక కోర్ గంటసేపు మీ పేరున ఉంటే ఒక కోర్ అవర్. సొంత విద్యార్థులకు ఒక రేటు, బయటి విశ్వవిద్యాలయాలకు ఇంకొకటి, కంపెనీలకు మూడోది, ఆపైన జీఎస్టీ. డిస్కులో జాగాకు వేరే లెక్క. మనిషికి? అడుగున చిన్న అక్షరాల్లో ‘సపోర్ట్ ఉచితం’.

ఆ మధ్య ఒక పీహెచ్‌డీ కుర్రాడు వచ్చాడు. ‘అన్నా, నా జాబ్ మూడు రోజులు నడిచి ఆగిపోయింది. ఫలితం మాత్రం రాలేదు.’ మళ్లీ పెట్టించి, అది నడుస్తున్న నోడ్‌లోకి వెళ్లి ఏ కోర్ ఏం చేస్తోందో చూపే ‘టాప్’ కమాండ్ కొట్టి చూశాను. 48 కోర్లు అడిగి తీసుకున్నాడు. పని చేస్తున్నది ఒక్కటే, మిగతా 47 గోళ్లు గిల్లుకుంటున్నాయి. స్క్రిప్టులో ప్రోగ్రాం పేరుకు ముందు, పనిని కోర్లన్నిటికీ పంచే ‘ఎంపీఐరన్’ రాయడం మరిచాడు, అంతే. 20 నిమిషాల్లో సరిచేశాం. ఈసారి మూడు గంటల్లో అయిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటిసారి 48 కోర్లు, 72 గంటలు: 3,456 కోర్ అవర్లు. సరిదిద్దాక 144. కోర్ అవర్ ఒక్క రూపాయనుకున్నా, నా 20 నిమిషాలు కేంద్రానికి మిగిల్చింది నష్టమే! ఇలాంటివి ఏడాది పొడుగునా చేస్తే, చివరి మీటింగులో ‘వాడకం ఆదాయం ఎందుకు తగ్గింది?’ అని నన్నే అడిగారు. ఏం చెప్పను?

ఇది మా ఒక్క చోటి చిత్రం కాదు. మన దేశంలో కంప్యూటింగ్ మాట ఎత్తితే ముందు యంత్రమే వస్తుంది. 2015లో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 4,500 కోట్లతో మొదలైంది. దాని కిందే కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు 838 టెరాఫ్లాప్స్ సూపర్‌కంప్యూటర్ పరమ్ సేవ వచ్చింది. (పేరులోనే ‘సేవ’ ఉంది, నాకు భలే నచ్చింది.) 2024 మార్చిలో 10,372 కోట్ల ఇండియా ఏఐ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దాని కింద జీపీయూ గంటకు సుమారు 65 రూపాయలకే అంటున్నారు. మంచిదే. ఆ గంటను వృథా కాకుండా వాడించే మనిషి గంట ఖరీదెంతో మాత్రం ఎవరూ అనరు.

సాయానికి డబ్బు పెడితే విద్యార్థులు అడగడానికే జంకుతారని మా పెద్దాయన ఒకరి అభ్యంతరం. నిజమే. గంటకు ఇంత అంటే, ఆ కుర్రాడు నా దగ్గరికి రాకుండా ఇంకో మూడు రోజులు 47 కోర్లకు విశ్రాంతి ఇచ్చేవాడు. అందుకే విద్యార్థి దగ్గర పైసా తీసుకోవద్దంటాను. కానీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌ను వారం రోజులు మాచేత కంపైల్ చేయించుకుని, కోర్ అవర్ల డబ్బు మాత్రం కట్టి వెళ్లడం బంగారం ధర ఇచ్చి గాజులు తీసుకెళ్లడమే.

ఈ ఏడాది రేట్లు దిద్దబోయే కమిటీలకు నా విన్నపం ఒక్కటే. బిల్లులో మజూరీ గడి పెట్టండి. కంపెనీలకు అందులో అసలు ఖరీదు వేయండి. విద్యార్థులకు ఎన్ని గంటలు సాయం చేశామో రాసి, ఎదురుగా సున్నా వేయండి.